సిమెంట్ లోడుతో బండి వేడెక్కితే ఆగిపోతోంది, క్రాంక్ సెన్సర్ మార్చినా అదే పరిస్థితి

జగ్గయ్యపేట 12 టైర్లు:

అందరికీ నమస్కారం. నాది 2018 మోడల్ బీఎస్ 4 పన్నెండు టైర్ల బండి, కామన్ రైల్ ఇంజిన్. సొంత బండి, నేనే నడుపుతాను. జగ్గయ్యపేట నుంచి విశాఖకి సిమెంట్ తోలుతుంటాను, వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే అది. నెల రోజుల నుంచి ఒకటే సమస్య, పొద్దున చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, రెండు మూడు గంటలు బాగా నడుస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి ఎవరో తాళం తీసేసినట్టు ఇంజిన్ ఆగిపోతుంది. దగ్గడం లేదు, పొగ లేదు, పికప్ తగ్గడం కూడా లేదు, టక్కున కటాఫ్. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. అరగంట, ముప్పావు గంట ఆగి మళ్లీ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది.

మొదటిసారి హనుమాన్ జంక్షన్ దాటాక ఆగింది, డీజిల్‌లో ఏదో ఉందనుకొని రెండు ఫిల్టర్లూ మార్చాను. రెండోసారి తుని దగ్గర. మూడోసారి సిద్ధాంతం గోదావరి వంతెన మీద ఆగిపోయింది, వెనకాల బస్సులు, నా చేతుల్లో వణుకు, ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు. ఆ తర్వాత స్కానర్ పెట్టిస్తే పీ 0335 అని లోపం కోడ్ వచ్చింది, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టేది) పోయిందన్నారు. షాపులో ఆరు వందలు పెట్టి కొత్త సెన్సర్ కొని బిగించాం. పాతది బిగుసుకుపోయి రాలేదు, సుత్తితో కొట్టి తీశారు. ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, వేడికి ఆగిపోవడం అలాగే ఉంది, దానికి తోడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదు. ముందు ఈ బాధ లేదు.

ఇప్పుడేమో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పోయింది, మార్చాలి అంటున్నారు. దానికి అడుగుతున్న డబ్బు నాకు మూడు నెలల కిస్తీ. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నిజంగా ఈసీయూనేనా?

ఆటోనగర్ వైరింగ్ మనిషి:

తమ్ముడూ, ముందు ఈసీయూ మాట పక్కన పెట్టు. ఇరవై ఏళ్లకు పైగా బెజవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పనే చేస్తున్నాను, ఈసీయూ పోయిందని నా దగ్గరికి వచ్చిన బళ్లలో ఎక్కువ వాటికి వైరో, కనెక్టరో, ఎర్తో బాగు చేసి పంపాను.

పీ 0335 అంటే క్రాంక్ సెన్సర్ పోయింది అని కాదు. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అని. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని కనెక్టర్, అక్కడి నుంచి ఈసీయూ దాకా వెళ్లే వైరు, ఈసీయూ పిన్ను, ఇవన్నీ కలిపి. స్కానర్ ఇల్లు చూపిస్తుంది, ఏ గదిలో దొంగ ఉన్నాడో మనమే వెతకాలి. కోడ్ రాగానే సెన్సర్ కొనడం అందరూ చేసే తప్పే, నిన్ను తప్పు పట్టడం లేదు.

ఇంజిన్ ఆ సెన్సర్ లేకుండా ఎందుకు ఆగిపోతుందో ముందు తెలుసుకో, అప్పుడు చెకింగ్ తేలికగా అర్థమవుతుంది. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) చుట్టూ గానీ, దానికి బిగించిన చక్రం మీద గానీ పళ్లు ఉంటాయి. చాలా ఇంజిన్లలో అరవై పళ్లకి రెండు తీసేసి యాభై ఎనిమిది ఉంచుతారు. ఆ ఖాళీ సెన్సర్ ముందుకు వచ్చినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. ఆ లెక్క తెలియకపోతే ఏ సిలిండర్లో ఎప్పుడు డీజిల్ కొట్టాలో దానికి తెలియదు, వెంటనే ఇంజెక్టర్లు ఆపేస్తుంది. అందుకే నీకు తాళం తీసేసినట్టు ఆగుతోంది. డీజిల్ అందకపోయినా, ఎయిర్ పట్టినా అలా ఆగదు, ముందు పికప్ పడిపోతుంది, దగ్గుతుంది, గుంజుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. నువ్వు చెప్పిన లక్షణం కరెంటు వైపుదే.

సెన్సర్‌కి రెండు వైర్లా మూడు వైర్లా చూడు. రెండు వైర్లయితే లోపల అయస్కాంతం, రాగి తీగ చుట్ట, అంతే. దాన్ని మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో చూడొచ్చు. చల్లగా ఉన్నప్పుడు చాలా వాటికి 860 ఓమ్స్ చుట్టుపక్కల వస్తుంది, పది శాతం అటూ ఇటూ. నీ ఇంజిన్‌ది వేరుగా ఉండొచ్చు కాబట్టి కంపెనీ మాన్యువల్‌లో అంకె చూసుకో. ఒక్కోసారి మూడో వైరు కూడా ఉంటుంది, అది చుట్టూ ఉండే షీల్డ్ జాలీది. అలా కాకుండా అయిదు వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్ అని మూడు వైర్లుంటే అది హాల్ టైపు (లోపల చిప్పు ఉండేది), దాన్ని ఓమ్స్‌లో చూడకూడదు, చూసినా ఉపయోగం లేదు.

పాత సెన్సర్ పారేశావా, ఉందా? ఉంటే ఆ రీడింగ్ కూడా పెట్టు.

జగ్గయ్యపేట 12 టైర్లు:

అన్నా చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు వైర్లదే. పాతది టూల్ బాక్స్‌లో ఉంది. చల్లగా కొలిచాను, పాతది 875, కొత్తది 790.

జగిత్యాల - దుబాయ్ ట్రైలర్:

నేను దుబాయ్‌లో ట్రైలర్ నడుపుతాను, ఊరు జగిత్యాల దగ్గర. ఇక్కడ ఎండకి ఇట్లాంటివి మస్తు చూసినం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి ఆగిపోయిన వెంటనే కాబిన్ లేపి, తడి గుడ్డ సెన్సర్ మీద రెండు మూడు నిమిషాలు పెట్టి మళ్లా సెల్ఫ్ కొట్టాలి. స్టార్ట్ అయితే వేడికి సెన్సర్ లోపల తీగ విడిపోతుందని అర్థం. సైలెన్సర్ పైపు పక్కనే ఉంటది, చెయ్యి కాలకుండ చూసుకో. నీళ్లు నేరుగా పొయ్యకు, కనెక్టర్‌లకి పోతే ఇంకో రోగం మొదలైతది.

కొత్తది కూడా వేడికి తీగ విడిపోయే డూప్లికేట్ కావొచ్చు. ఆరు వందలకి వచ్చిందంటే నాకు అనుమానమే.

పాత ఓనర్, నెల్లూరు:

బాబూ, నేను రిపేరు గురించి చెప్పను, తెలిసినవాళ్లు చెబుతున్నారు. వంతెన మీద ఆగిందన్నావు కాబట్టి ఒక్క మాట. ఈ పని తేలేదాకా లోడు ఎక్కించవద్దు. ముఖ్యంగా ఘాట్ రోడ్డు వైపు వెళ్లవద్దు.

ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, లోడు మీద ఉన్న బండి స్టీరింగ్ తిప్పడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఎగ్జాస్ట్ బ్రేక్ పనిచేయదు. ఎయిర్ కంప్రెసర్ ఆగిపోతుంది కాబట్టి ట్యాంకుల్లో ఉన్న గాలే దిక్కు. కంగారులో బ్రేకు పదే పదే తొక్కితే ఉన్న గాలి కాస్తా అయిపోతుంది, ప్రెషర్ బాగా పడిపోతే స్ప్రింగ్ బ్రేకులు వాటంతట అవే పట్టుకుని బండి రోడ్డు మధ్యలో నిలబడుతుంది. ఎప్పుడైనా ఆగిపోతే బ్రేకు ఒక్కసారి తొక్కి వదలకుండా పట్టి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకి దించేయి. ఇండికేటర్లు నాలుగూ వేసి, త్రికోణం బోర్డు దూరంగా పెట్టి, చక్రాలకి చెక్కలు వేసి, ఆ తర్వాతే కాబిన్ లేపు. మా డ్రైవర్ ఒకడు ముందు కాబిన్ లేపి తర్వాత చెక్కల కోసం వెతికాడు, దేవుడి దయ వల్ల బతికాడు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

జగ్గయ్యపేట 12 టైర్లు:

మీ మాట నిజం బాబాయ్ గారూ. లోడు ఆపేశాను, ఖాళీ బండి మీదే చూస్తున్నాను.

ఈరోజు కోదాడ దాకా వెళ్లి వస్తుంటే ఆగింది. తడి గుడ్డ పెట్టాను, మూడు నిమిషాలకి స్టార్ట్ అయింది! అంటే సెన్సరే కదా? ఇంకోటి కొనేయనా?

ఆటోనగర్ వైరింగ్ మనిషి:

కొనకు. ఆగు.

తడి గుడ్డ పద్ధతి తప్పు అనడం లేదు, కానీ అది సగం మాటే చెబుతుంది. నువ్వు గుడ్డ పెట్టినప్పుడు సెన్సర్ ఒక్కటే చల్లబడలేదు, పక్కన ఉన్న వైరు కూడా చల్లబడింది, నీ చెయ్యి తగిలి ఆ వైరు కదిలి కూడా ఉంటుంది. రెండింటినీ విడదీయాలి.

పాత సెన్సర్‌ని వేడిచేసి చూడు. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, సెన్సర్ మూతి వైపు మాత్రమే పది నిమిషాలు నీళ్లలో ఉంచి, కనెక్టర్ తడవకుండా మీటర్ పెట్టు. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది లోపం కాదు. డిగ్రీకి సుమారు 0.39 శాతం లెక్కన ఇప్పుడు 875 ఉన్నది మరిగే నీళ్లలో పదకొండు వందల దాటి రావాలి. అలా నెమ్మదిగా పెరిగితే సెన్సర్ మంచిదే. మధ్యలో టక్కున ఓపెన్, అంటే తీగ తెగినట్టు, చూపిస్తే పోయినట్టు.

తర్వాత వైరు. బ్యాటరీ కటాఫ్ చేసి, కొన్ని నిమిషాలు ఆగి, ఈసీయూ దగ్గర ఇంజిన్ వైపు కనెక్టర్ ఊడదీయి. సెన్సర్ బిగించే ఉండాలి. ఆ కనెక్టర్‌లో క్రాంక్ సెన్సర్ పిన్నులు రెండూ సర్క్యూట్ బొమ్మలో చూసుకుని అక్కడి నుంచి కొలువు. సెన్సర్ దగ్గర ఎంత వచ్చిందో అక్కడా అంతే రావాలి, ఒకటి రెండు ఓమ్స్ తేడా పరవాలేదు. తర్వాత ఒక్కో పిన్ను నుంచి ఇంజిన్ బాడీకి చూడు, ఏమీ చూపించకూడదు. మీటర్ అలాగే పెట్టి ఇంకొకరితో లూమ్ (వైర్ల కట్ట) మొత్తం చేత్తో కదిలించు, మీటర్ అంకె కదిలిందంటే దొంగ దొరికినట్టే. ఒక జాగ్రత్త, మీటర్ పుల్లని కనెక్టర్ రంధ్రంలోకి బలంగా గుచ్చితే లోపలి పిన్ను వెడల్పయిపోయి తర్వాత లూజ్ కాంటాక్ట్ అవుతుంది, సన్నటి పిన్ను సున్నితంగా ఆనించు. ఇదంతా ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు చేస్తేనే నీ లోపం దొరుకుతుంది. చల్లారాక కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

ఇంకో ప్రశ్న. ఈ గొడవ మొదలవకముందు గేర్‌బాక్స్ దించారా?

జగ్గయ్యపేట 12 టైర్లు:

అన్నా, మీకెలా తెలిసింది? దానికి నెల ముందు క్లచ్ ప్లేట్ వేయించాను, గేర్‌బాక్స్ దించారు.

ఆటోనగర్ వైరింగ్ మనిషి:

సెన్సర్ ఉండేది ఫ్లైవీల్ హౌసింగ్ మీద. గేర్‌బాక్స్ దించేటప్పుడు లూమ్ క్లిప్పులు ఊడదీసి పక్కకి నెడతారు, మళ్లీ ఎక్కించాక క్లిప్పులు పెట్టడం మర్చిపోతారు. వైరు వేలాడుతూ ఏ సైలెన్సర్ పైపుకో ఆనుతుంది. టార్చ్ తీసుకుని అక్కడే చూడు.

జగ్గయ్యపేట 12 టైర్లు:

దొరికిందన్నా!! ఇందాకే చూశాను, చేతులకి గ్రీజు ఉండగానే టైప్ చేస్తున్నాను.

పాత సెన్సర్ వేడినీళ్లలో పెడితే నెమ్మదిగా పెరుగుతూ 1130 దాకా వెళ్లింది, ఎక్కడా తెగలేదు. అంటే అది మంచిదే. ఇంజిన్ రెండు గంటలు నడిపి, వేడిగా ఉండగా ఈసీయూ కనెక్టర్ నుంచి బాడీకి పెడితే ఒక పిన్ను మూడు ఓమ్స్ చూపించింది! అలాగే పట్టుకుని మా బావమరిదితో వైరు కదిలించమంటే అంకె ఊగుతోంది. మీరన్నట్టే రెండు క్లిప్పులు లేవు, లూమ్ జారి సైలెన్సర్ పైపు బ్రాకెట్‌కి ఆనుకుని ఉంది. పైన గొట్టం కరిగిపోయింది, లోపల వైరు తోలు మెత్తబడి రాగి కనిపిస్తోంది. వేడిగా ఉన్నప్పుడు ఇనుముకి తగులుతోంది, చల్లబడి గట్టిపడితే కొంచెం పైకి లేస్తోంది. చల్లారాక మళ్లీ కొలిస్తే నిజంగానే ఏమీ లేదు.

ఈసీయూకి డబ్బు కట్టేవాడినే అన్నా, అప్పు కూడా మాట్లాడుకున్నాను.

ఇప్పుడు ఈ వైరు ఎలా బాగు చేయాలి? ఇంకొకటి, చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ లేటు అవడం దీని వల్లేనా?

డీజిల్ మెకానిక్, నిజామాబాద్:

మొదటి నుంచి చదువుతున్నాను, మధ్యలోకి వస్తున్నాను. స్టార్టింగ్ లేటు మీ కొత్త సెన్సర్ వల్ల. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి బోల్టు పట్టీ నుంచి మూతి దాకా పొడవు వెర్నియర్‌తో కొలవండి. డూప్లికేట్లలో అది ఒక్కోసారి పొట్టిగా ఉంటుంది. పంటికీ సెన్సర్ మూతికీ మధ్య సందు మామూలుగా మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది, అది రెండు మిల్లీమీటర్లు అయిందంటే సిగ్నల్ బాగా బలహీనపడుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వేగం ఉంటుంది కాబట్టి తెలియదు, సెల్ఫ్ మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ సిగ్నల్ ఈసీయూకి చాలదు. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే తేడా కనిపిస్తుంది.

వైరు విషయంలో, కాలిన ముక్క వరకు కోసేసి అదే మందం వైరు వేయండి. ఆ రెండు వైర్లూ ఒకదానితో ఒకటి మెలితిప్పి ఉంటాయి, అది ఊరికే కాదు, పక్కనున్న ఇంజెక్టర్ వైర్లు, ఆల్టర్నేటర్ గోల సిగ్నల్‌లో కలవకుండా. మీరు వేసేది కూడా అంగుళానికి ఒక మెలిక ఉండేలా తిప్పండి. రెండు వైర్లు తారుమారు చేయవద్దు. ఓమ్స్‌లో రెండూ ఒకటే కాబట్టి తేడా ఏముందని అనుకుంటారు, కానీ తిరగేస్తే సిగ్నల్ తలకిందులై పళ్ల లెక్క తప్పుతుంది, స్టార్ట్ కాకపోవచ్చు, అయినా సరిగ్గా నడవదు. కోసే ముందే ఒక్కో వైరుకి టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి. అతుకు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేయండి.

ఆటోనగర్ వైరింగ్ మనిషి:

నిజామాబాద్ అన్న చెప్పినవన్నీ సరైనవే, సోల్డర్ ఒక్కటి తప్ప. ఇంజిన్ మీద ఉండే వైరుకి నేను సోల్డర్ వేయను. సోల్డర్ పాకిన చోట వైరు పుల్లలా గట్టిపడుతుంది, అది ఆగిపోయే అంచు దగ్గర అదురుకి తెగుతుంది. మంచి క్రింపింగ్ స్లీవ్ (వైర్లు దూర్చి నొక్కే చిన్న లోహపు గొట్టం) వేసి, కటింగ్ ప్లయర్‌తో కాదు, సరైన క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కి, పైన జిగురు ఉండే హీట్ ష్రింక్ వేయాలి. రెండు అతుకులూ ఒకే చోట పడకుండా ముందూ వెనకా వేయి.

డీజిల్ మెకానిక్, నిజామాబాద్:

అన్నా, మీ అనుభవం పెద్దదే, కానీ అతుకు రెండు వైపులా క్లిప్ పడి వైరు ఊగకుండా ఉంటే సోల్డర్ కూడా ఏళ్ల తరబడి ఉంటుంది, నేను వేసినవి తిరుగుతున్నాయి. రోడ్డు పక్కన దొరికే క్రింపింగ్ సరిగ్గా లేకపోతే లోపల తుప్పు పడుతుంది. ఏది వేసినా క్లిప్పు ముఖ్యం, దాంట్లో మనిద్దరిదీ ఒకటే మాట.

జగిత్యాల - దుబాయ్ ట్రైలర్:

తమ్మీ, నేను సెన్సరే అని తొందరపడి చెప్పిన, నాకూ ఇయ్యాల కొత్త సంగతి తెలిసింది. సైలెన్సర్ పక్కన పోయే జాగాలో గ్లాస్ ఫైబర్ స్లీవ్ ఎక్కించు, మామూలు ప్లాస్టిక్ గొట్టం వద్దు.

జగ్గయ్యపేట 12 టైర్లు:

వారం తర్వాత వస్తున్నాను, ఆలస్యమైనందుకు క్షమించండి.

కొత్త సెన్సర్ పాతదాని కన్నా మిల్లీమీటరు పైనే పొట్టిగా ఉంది, నిజామాబాద్ అన్న చెప్పినట్టే. సెల్ఫ్ మీద ఏసీ వోల్టుల్లో దానికి 0.3 దాటలేదు. పాతదే మళ్లీ పెడదామనుకున్నాను, కానీ సుత్తి దెబ్బకి దాని బోల్టు చెవి దగ్గర చీలిక వచ్చింది, ఓరింగ్ (రబ్బరు రింగు) కూర్చునే గాడి కూడా దెబ్బతింది. మంచి సెన్సర్‌ని మేమే పాడుచేశాం, అదే బాధ. కంపెనీ డీలర్ దగ్గర ఛాసిస్ నంబర్ చెప్పి అసలుది తెప్పించాను, రెండు వేల ఎనిమిది వందలైంది. బిగించే ముందు రంధ్రంలో గుడ్డతో తుడిస్తే క్లచ్ పొడి, తుప్పు చాలా వచ్చింది, పాతది బిగుసుకుపోయింది అందుకే. ఓరింగ్‌కి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి చేత్తో నొక్కితే దానంతటదే కూర్చుంది, సుత్తి అవసరమే రాలేదు. పది నంబర్ స్పానర్‌తో చిన్న బోల్టు కాబట్టి బిగువు తగలగానే ఆపేశాను. ఇప్పుడు సెల్ఫ్ మీద 0.9 వోల్టులు వస్తోంది, చల్లగా ఉన్నా ఒక్క దెబ్బకి అందుకుంటోంది.

వైరు క్రింపింగ్‌తో వేయించాను, మెలితిప్పి, గ్లాస్ ఫైబర్ స్లీవ్ వేసి, మూడు కొత్త క్లిప్పులు కొట్టించి బ్రాకెట్‌కి నాలుగు వేళ్ల దూరంలో కట్టించాను. కోడ్ తుడిపేసి, ముందు ఖాళీగా విజయవాడ రెండుసార్లు వెళ్లి వచ్చాను. మొన్న లోడుతో విశాఖ వెళ్లాను, మధ్యాహ్నం ఎండలో తుని దాటాను, ఆగలేదు. సిద్ధాంతం వంతెన మీద మాత్రం ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక కన్ను ఎడమ పక్కన పెట్టుకునే వెళ్లాను.

పాత ఓనర్, నెల్లూరు:

సంతోషం బాబూ. వచ్చే సర్వీసులో ఆ క్లిప్పులు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకో. చెక్కలు కాబిన్‌లో చేతికి అందే చోట పెట్టుకో.

అనకాపల్లి టిప్పర్:

నాకూ ఇదే లక్షణం అన్నా, కానీ నాది మూడు వైర్ల సెన్సర్, కోడ్ పీ 0340 వస్తోంది. ఇదే పద్ధతిలో చూడొచ్చా?

ఆటోనగర్ వైరింగ్ మనిషి:

అది క్యామ్ సెన్సర్ సర్క్యూట్ తమ్ముడూ, మూడు వైర్లంటే హాల్ టైపు అయి ఉంటుంది. ఓమ్స్ పెట్టకు. కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, సప్లై పిన్నులో వోల్టు వస్తోందా, ఎర్త్ సరిగ్గా ఉందా ముందు అవి చూసి చెప్పు. కొత్త పోస్టు పెట్టు, బండి మోడల్, ఎప్పుడు ఆగుతోంది, ఈ మధ్య ఏం పని చేయించావు, అన్నీ రాయి.